సుందరవల్లి ఇంట్లో బేస్ క్యాంప్

భర్తకు సాహసం పట్టుకున్న ఏడాది సుందరవల్లికి నలభై ఏళ్లు. అంతకుముందు అతనికి పట్టుకున్నవి వేరే ఉన్నాయి. కోయంబత్తూరు పీలమేడులో తండ్రి పెట్టిన పంపుసెట్ల వర్క్‌షాపు చేతికొచ్చినప్పుడు అరవిందన్‌కు యజమానితనం పట్టుకుంది. అద్దాల గది, తిరిగే కుర్చీ, బల్ల మీద చిన్న జెండా అన్నీ అమర్చుకునేలోపు వర్క్‌షాపు తమ్ముడి చేతికి పోయింది. తర్వాత బెల్లం ఎగుమతి. ఆ తర్వాత కొన్నాళ్లు తెల్లబట్టలు కట్టి, ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఊపిరి ఎలా పీల్చాలో నేర్పాడు. ఇవన్నీ వచ్చిన దారినే పోయాయి. సాహసం మాత్రం నిలిచింది. దానికి బట్టలు బాగుంటాయి.

మోచేతులకూ భుజాలకూ గట్టి పలకలు కుట్టిన నల్ల జాకెట్టు, పిక్కల దాకా వచ్చే బూట్లు, వేళ్ల కణుపుల మీద ఇనుప బొడిపెలున్న చేతితొడుగులు, నెత్తిమీద చిన్న కెమెరా అతికించిన హెల్మెట్. మొదటిసారి ఇవన్నీ తొడుక్కుని హాల్లో నిలబడినప్పుడు సుందరవల్లి కూరగాయలు తరుగుతూ తలెత్తి చూసింది. యుద్ధానికి పోతున్నవాడిలా ఉన్నాడు. పోయింది పీలమేడు నుంచి పక్కనే ఉన్న విమానాశ్రయం దాకా. కాఫీ తాగి తిరిగొచ్చాడు.

సుందరవల్లిది ఊటీ కొండ కింద ఉన్న మేట్టుపాళయం. తండ్రి గోపాలసామి నాయుడు అక్కడ వక్కల వ్యాపారి. తల్లి చిన్నప్పుడే పోవడంతో ఆ పిల్ల మండీలో తండ్రి పక్కనే పెరిగింది. ఎదుటి మనిషి నోరు తెరవకముందే వాడేపాటివాడో పట్టేసే అలవాటు ఆమెకు అక్కడే వచ్చింది. ఒకసారి చూస్తే చాలు, తీర్పు అయిపోయేది. మళ్లీ చూసేది కాదు. ఆమె మంచి గుణం అదే, చెడ్డ గుణం కూడా అదే. జీవితంలో ఒక్కసారి మాత్రం ఆ చూపు పనిచెయ్యలేదు. పెళ్లిచూపుల నాడు అరవిందన్ భుజాలు చాలా బాగున్నాయి, ముఖం దాకా ఆమె చూపు పోనేలేదు.

వాళ్లకు పిల్లలు లేరు. పీలమేడు ఇల్లు కూడా తనదేనని తమ్ముడు తేల్చి చెప్పాక, ఇద్దరూ మేట్టుపాళయంలో ఆమె పుట్టింటికి చేరారు. అప్పటికి గోపాలసామి పోయి రెండేళ్లయింది. భవాని నది ఒడ్డున పొడుగాటి పెంకుటిల్లు అది. ఒకప్పుడు బయటూళ్ల వ్యాపారులు వచ్చి ఉండిపోయేవాళ్లు కాబట్టి వరుసగా గదులున్నాయి. వెనకవైపు నాలుగు మెట్లు దిగితే నీళ్లు. ఎండాకాలంలో అవతలి ఒడ్డున బట్టలుతికే చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఊరంతా పొద్దున్నే లేచి బంగాళాదుంపల మండీకో, తోటలకో, కొండ రైలుకో తన పని తాను చూసుకుంటుంది. ఇంత నిమ్మళమైన చోటు చూడగానే అరవిందన్‌కు ఏంచెయ్యాలో తోచింది.

"ఈడ బేస్ క్యాంప్ పెడదాము వల్లీ," అన్నాడు మెట్ల మీద నడుం మీద చేతులు పెట్టుకుని. "వారం చివర రైడర్లు ఒచ్చి దిగతారు. ఈడ పండుకోని, తెల్లారి కొండకు పోతారు."

"యాడికి పోతారు?"

"కోత్తగిరి. కూనూరు. ఊటీ."

"కోత్తగిరికి దినమూ పాలబండి పోతాది గదా. కూరగాయల లారీలు పోతాయి. ఇస్కూలు బస్సు పోతాది."

"అది వేరే. అది వేలై. ఇది రైడ్."

పనిగా పోతే సాహసం కాదు, పనిలేక పోతే సాహసం. ఆ తేడా ఆమెకు ఆ రోజే బాగా అర్థమయింది. అయినా ఒప్పుకుంది. గదులు ఖాళీగా ఉన్నాయి, మొగుడు అంతకంటే ఖాళీగా ఉన్నాడు. గేటు మీద ఇంగ్లీషులో బోర్డు లేచింది: భవాని బేస్ క్యాంప్. బేస్ క్యాంప్ అంటే మంచుకొండల కింద, ఆక్సిజన్ అందని చోట ఉంటుందని ఆమె టీవీలో చూసింది. ఇది బస్టాండుకు నడిచిపోయే దూరం.

శనివారం శనివారం వాళ్లు దిగేవాళ్లు. కోయంబత్తూరు, బెంగుళూరు, కొచ్చి నుంచి. కంప్యూటర్ ఆఫీసులవాళ్లు, ఒక పళ్ల డాక్టరు, బట్టలకొట్ల యజమానుల కొడుకులు. వీధి మొదట్లోనే ఇంజన్లు గర్జించేవి. పడుకున్న పసిపిల్లలు లేచి ఏడ్చేవాళ్లు. గేటు దగ్గర దిగి, ఎన్నో ఏళ్ల తర్వాత యుద్ధభూమిలో కలుసుకున్నట్టు ఒకళ్లనొకళ్లు కౌగిలించుకునేవాళ్లు. దారిలో అన్నూరులో టీ దగ్గర విడిపోయి గంట కూడా అయ్యుండదు. ఆ తర్వాత వెనక మెట్ల దగ్గరికి పోయి, నదిని చూసి, "ఎంత పీస్‌ఫుల్‌గా ఉంది" అనేవాళ్లు. ఆ పీస్‌ను ఇప్పుడే వాళ్లే చెడగొట్టి వచ్చారని ఒక్కడికీ తట్టేది కాదు.

ఇడ్లీ పెడితే తినరు. ముందు ఫోటో తీస్తారు. చన్నీళ్లలో కాలు పెట్టి కేక పెడతారు. టైరు గురించి మాట్లాడటం మొదలుపెడితే అది తెమలదు. ఒక బెంగుళూరు మనిషి గది ఉండగా పెరట్లో గుడారం వేసుకున్నాడు, అడవిలో ఉన్నట్టుంటుందని. చినుకు పడగానే దుప్పటి నెత్తిన కప్పుకుని లోపలికి ఉరికొచ్చాడు. మర్నాడు గుడారం ఫోటో మాత్రం ఎవరికో పంపాడు.

వంటకు సాయం చేసే రక్కమ్మాళ్ కారమడై నుంచి బస్సులో వచ్చేది. అరవై దాటిన మనిషి. మొదటి శనివారం వాకిట్లో నిండిన నల్ల జాకెట్లు చూసి, కాసేపు తలుపు చాటున నిలబడి అడిగింది.

"అమ్మణీ, ఇంతమంది ఏంటికి ఒచ్చినారు? కొండమింద ఎవురైనా సచ్చినారా?"

"లేదు రక్కమ్మాళూ. చూసేకి పోతాండారు."

"ఏమి చూసేకి?"

"కొండను."

రక్కమ్మాళ్ వంటింటి కిటికీలోంచి కొండవైపు చూసింది. అది అక్కడే ఉంది. పోయి పిండి రుబ్బింది.

సుందరవల్లి ఆ సత్రాన్ని బాగా నడిపిందని చెప్పాలి. ఇష్టంతో నడిపినవాళ్లయితే ఎక్కడో ఒకచోట మొహమాటపడతారు. ఆమెకు ఆ బాధ లేదు. బూట్లు వసారాలోనే విప్పాలి. వేళ దాటితే అన్నం లేదు. మెట్ల మీద బీరు సీసా కనబడితే గది ఖాళీ చెయ్యాలి. వచ్చినవాళ్లు దీన్ని అవమానం అనుకోలేదు. "ఇక్కడ అక్క చాలా స్ట్రిక్ట్, కానీ మనసు బంగారం" అని ఫోన్లలో రాసుకున్నారు. తన మనసు గురించి ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. వీళ్లందరినీ కలిపి ఒక గంపలో వేసి చూసినా ఒక మనిషి తూగడని ఆమె అభిప్రాయం.

అరవిందన్‌ను మాత్రం వాళ్లు కెప్టెన్ అని పిలిచారు. అతనికి ఆ పిలుపు మందులా పట్టింది. నడక మారింది, గొంతు దిగింది. ఆదివారం పొద్దున పలహారాల దగ్గర నిలబడి ఉపన్యాసం ఇచ్చేవాడు. "కొండను గౌరవించాలి. గాలిని వినాలి. బండి మన శరీరంలో ఒక అవయవం." హాల్లో అతని ఫోటో ఒకటి ఉండేది, మంచుకొండ ముందు మోటారుసైకిలుకు ఆనుకుని. ఆ ఊరికి అతను పోయింది టూరిస్టు బస్సులో, సుందరవల్లితోనే. ఆ మోటారుసైకిలు టీకొట్టువాడిది. సొంతబండి మీద అతను ఊటీ దాటి పోలేదు. ఊటీకి కూడా దారిలో ప్రతి టీకొట్టు దగ్గరా కొండను గౌరవిస్తూ పోయేవాడు. వెనకాల వచ్చేవాళ్లు అతను నెమ్మదిగా పోవడం చూసి అనుభవం అనుకున్నారు. మలుపుల దగ్గర అతనికి చేతులు వణుకుతాయని ఇంట్లో ఆమెకు మాత్రమే తెలుసు. చేతితొడుగులు విప్పాక వేళ్లు నిమ్మళించేదాకా అతను కాఫీ లోటా పట్టుకోలేడు.

ఇట్లా మూడేళ్లు గడిచాయి. నాలుగో ఏడు ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, పనసకాయలు పండే రోజుల్లో, అరవిందన్‌కు కొత్త ఆలోచన వచ్చింది. భార్యాభర్తలు జంటలుగా కొండ ఎక్కాలి, దాన్ని వీడియో తియ్యాలి. మూడు జంటలు దొరికాయి. కెప్టెన్ భార్య లేకపోతే బాగుండదు.

"నేను రాను," అంది సుందరవల్లి. "ఆ ఎనక సీటు పీటంత గూడ లేదు."

"కోత్తగిరిలో చిన్నత్తను చూడాలంటివి గదా."

"బస్సులో పోతాను."

అతను వంటింట్లోకి వచ్చి బతిమాలాడు. వసారాలో బతిమాలాడు. వచ్చిన ముగ్గురు ఆడవాళ్ల ముందు కూడా మొదలుపెట్టబోయేసరికి, ఆ దృశ్యం చూడలేక ఆమె సరే అంది. ఆమెకూ ఒక జాకెట్టు తొడిగారు. హెల్మెట్ పెట్టారు. చీర మీద జాకెట్టు వేసుకుని, ఒక పక్కకు కూర్చుని, కొంగు బొడ్లో దోపుకుని, ఆమె తన జన్మలో మొదటిసారి సాహసానికి బయలుదేరింది.

కోత్తగిరి దారిలో కుంజప్పనై అనే చోట రోడ్డుకు రెండువైపులా పనస చెట్లు. ఆ కాలంలో ఏనుగులు పండ్ల కోసం దిగుతాయి. అది ఆ దారిలో పోయే ప్రతి డ్రైవరుకూ తెలిసిన సంగతే. వాసన రాగానే వేగం తగ్గిస్తారు. అరవిందన్ అందరికంటే ముందు ఉన్నాడు. హెల్మెట్ మీది కెమెరాతో మాట్లాడుతూ మలుపు తిరిగాడు. ఎదురుగా, రోడ్డు వారన, ఒక ఆడ ఏనుగు. దాని కాళ్ల సందున పిల్ల.

బండి ఆగింది. ఏనుగు పండు నమలడం ఆపి ఇటు తిరిగింది. చెవులు విప్పింది.

అప్పుడు అరవిందన్ చేసినవి రెండు పనులు. మొదటిది, బండికి సైడ్ స్టాండు వేశాడు. ఒరగకుండా, గట్టిగా, పద్ధతిగా వేశాడు. రెండోది, దిగి పరుగెత్తాడు. వెనక ఉన్న మూడు జంటలనూ దాటాడు. వాళ్ల వెనక కోత్తగిరికి పోయే ప్రభుత్వ బస్సు వచ్చి ఆగి ఉంది. తలుపు ఇంకో పక్కన ఉంది కాబట్టి అంతదూరం తిరగడానికి ఓపిక లేక, పొట్ట మీద పాకి బస్సు కిందికి దూరాడు.

మిగతా మూడు బండ్లూ భార్యలతో సహా వెనక్కి తిరిగి, బస్సు వెనక్కి చేరాయి. రోడ్డు మధ్యలో బండి, బండి మీద సుందరవల్లి మిగిలారు.

ఆమె ధైర్యంగా కూర్చోలేదు. తర్వాత ఎవరేమన్నా, ఆ మాట ఆమె ఎన్నడూ ఒప్పుకోలేదు. సీటు ఎత్తుగా ఉంది, కాళ్లలో ప్రాణం లేదు, దిగాలన్నా దిగలేదు. హెల్మెట్ లోపల తన ఊపిరి తనకే పెద్దగా వినపడుతోంది. ఏనుగు కన్ను చాలా చిన్నదిగా, తడిగా, ముసలిదాని కన్నులా ఉందని మాత్రం గుర్తు. వెనక బస్సు కిటికీలోంచి డ్రైవరు మెల్లగా, పిల్లను జోకొట్టే గొంతుతో, కదలొద్దమ్మా, కదలొద్దు అని తమిళంలో చెబుతూనే ఉన్నాడు. బస్సులో ఒక్కరూ దగ్గలేదు.

ఏనుగు ఆమెను చూసింది. ఇందులో తనకు కావలసిందేమీ లేదనుకుంది కాబోలు, తల తిప్పుకుని, కిందపడ్డ పనసకాయను కాలితో నొక్కి పగలగొట్టి పిల్లకు వదిలింది. అది తినేదాకా నిలబడింది. తర్వాత రెండూ రోడ్డు దాటి లోయలోకి దిగిపోయాయి. కొమ్మలు విరిగే చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది.

కండక్టరు మోహన్‌రాజ్ దిగివచ్చి ఆమెకు చెయ్యి అందించాడు. ఆమె అతని చెయ్యి పట్టుకునే బస్సు దాకా నడిచి, ఎక్కి, ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. ఎవరో నీళ్లిచ్చారు. డ్రైవరు ఇంజను వేయబోతే కండక్టరు ఆపాడు.

"అన్నే, ఉండు. కింద ఒక మనిసి ఉండారు." తర్వాత వంగి, మర్యాదగానే పిలిచాడు. "సార్, వెలియ వాంగ. బస్సు పోవాల."

అరవిందన్ వెలుపలికి వచ్చాడు. అంత ఖరీదైన జాకెట్టు వీపంతా గ్రీజు. దుమ్ము దులుపుకుని, కిటికీ కిందికి వచ్చి, తలెత్తి భార్యను చూశాడు.

"నీకేమీ కాలేదు గదా వల్లీ?"

"సైడ్ స్టాండు బాగా ఏసినారు," అంది ఆమె.

బస్సు కదిలింది. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని ఆమె కోత్తగిరి పోయి, చిన్నత్తను చూసి, రెండురోజులుండి, బస్సులోనే దిగివచ్చింది.

ఆ రెండురోజులు అతనికి చాలు; కెమెరాలో పడింది చెరిపేశాడు, ఆ మూడు జంటలూ మళ్లీ రాలేదు. ఆ తర్వాతి ఆదివారం పలహారాల దగ్గర కొత్తవాళ్లకు అరవిందన్ కథ చెబుతుంటే చట్నీ గిన్నెతో నిలబడి ఆమె విన్నది.

"ఏనుగు కదిలేదాని వెంట పడుతుంది. అది నాకు తెలుసు. నేను బండి దగ్గరే ఉంటే ఇద్దరం పోయేవాళ్లం. అందుకని దాని చూపు నామీదికి తిప్పుకుని పరుగెత్తాను. వల్లికి ఏం కాకూడదు, అంతే నా మనసులో ఉంది."

వింటున్నవాళ్లు ఇడ్లీ మరిచిపోయారు. పళ్ల డాక్టరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. సుందరవల్లి చట్నీ వడ్డించి లోపలికి పోయింది.

ఆమె ఏమీ అనలేదు. అనడం తన స్థాయికి తక్కువ అనుకుంది. తను మాట్లాడకపోతే ఆ మౌనం బరువుకు అతను కుంగిపోతాడని నమ్మింది. చిన్నప్పుడు మండీలో తండ్రి మౌనానికి పెద్ద పెద్ద వ్యాపారులు నీళ్లు నమలడం చూసిన మనిషి. కానీ ఆ వ్యాపారులకు సిగ్గుండేది. అరవిందన్ ఆమె మౌనాన్ని ఒప్పుదల అనుకుని కథ పెంచుకుంటూ పోయాడు. పురట్టాసి నెల వచ్చేసరికి ఆడ ఏనుగు కొమ్ముల ఏనుగైంది. బస్సు మాయమైంది. ఆయుధపూజ నాటికి అతని చేతిలో మండే కట్టె కూడా వచ్చింది. ఆమె ఆ అబద్ధాలన్నిటినీ ఈగల్ని చూసినట్టు చూసి వదిలేసింది. ఒకటి మాత్రం వదల్లేకపోయింది.

ఒక ఆదివారం అతను అన్నాడు: "పాపం, వల్లి ఒకటే ఏడుపు. నా చెయ్యి వదలదు."

ఆ రోజు బల్ల దగ్గర కార్తీక అనే అమ్మాయి ఉంది. పీలమేడులో ఆఫీసు ఉద్యోగం, ఇంట్లో తెలుగు మాట్లాడే మనుషులే, సొంతంగా బండి నడుపుకుని వచ్చింది. వడ్డిస్తున్న సుందరవల్లి వైపు తిరిగి అమాయకంగా అడిగింది.

"అక్కా, మీరు చానా భయపడితిరా?"

"భయపడితిని," అంది సుందరవల్లి. "కాళ్లు ఆడలేదు. ఏడవలేదు. ఏడ్చేకి ఆ పొద్దు టైము లేదు. ఆ ఏనుగుకు కొమ్ములు లేవు, పిల్ల ఉండె. కట్టె గిట్టె ఏమీ లేదు. బస్సు ఉండె. ఈయన సైడ్ స్టాండు ఏసి, నన్ను బండి మింద పెట్టి, బస్సు కిందికి దూరినారు. నేను బస్సు ఎక్కినంక గూడ కిందనే ఉండినారు. కండక్టరు పిలిస్తే ఒచ్చినారు."

బల్లకు అవతల ఉన్న చెన్నైవాళ్లకు తెలుగు రాదు. ఆమె వాళ్ల వైపు తిరిగి అదే మాటలు తమిళంలో చెప్పింది. బెంగుళూరువాళ్ల కోసం కాలేజీనాటి ఇంగ్లీషులో ఇంకోసారి చెప్పింది. గొంతు ఎక్కడా పెరగలేదు. కూర ఇంకొంచెం కావాలా అని అడిగి లోపలికి పోయింది.

ఎవరో ఒకడు ముక్కుతో నవ్వాడు. ఆపుకోలేక ఇంకొకడు. అరవిందన్ ముఖం జేవురించింది. ఆ రోజు నడుం నొప్పి అని అతను కొండకు పోలేదు. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. గదిలో ఫ్యాను కింద పడుకుని గోడ చూశాడు.

"ఇన్ని దినాలు ఏంటికి చెప్పలే అమ్మణీ?" అంది రక్కమ్మాళ్, అంట్లు తోముతూ.

"ఎవురూ అడగలేదే," అంది సుందరవల్లి. ఆ వారమంతా ఆమెకు బాగా నిద్రపట్టింది. అన్నం రుచిగా ఉంది. బోర్డు తనంతట తానే దిగుతుందని, ఇక అతను జాకెట్టు వేసుకోవడానికి సిగ్గుపడతాడని అనుకుంది. మనిషిని ఒకసారి తూచాక మళ్లీ తూచని ఆమె, ఈ ఒక్కడిని మాత్రం అసలు బరువు కంటే ఎక్కువగానే లెక్కవేసింది.

మరుసటి ఆదివారం అరవిందన్ స్నానం చేసి, జాకెట్టు తొడుక్కుని, హాల్లోకి వచ్చాడు. కొత్తవాళ్లు, పాతవాళ్లు బల్ల చుట్టూ ఉన్నారు. కార్తీక కూడా వచ్చింది. కార్తీకే సరదాగా కదిపింది: కెప్టెన్, ఆ బస్సు కథ చెప్పండి.

అతను రెండు చేతులూ చాచి, నాటకంలోలాగా మొదలుపెట్టాడు.

"ఫ్రెండ్స్, ఈరోజు మీకు నిజం చెబుతాను. ఒక పిరికివాడి కథ."

సైడ్ స్టాండు ఎట్లా వేశాడో కాలితో చేసి చూపించాడు. ఎట్లా పరుగెత్తాడో హాలంతా పరుగెత్తి చూపించాడు. బల్ల కిందికి దూరి, అక్కడినుంచి తల మాత్రం బయటపెట్టి, "సార్, వెలియ వాంగ" అని కండక్టరు గొంతు అనుకరించాడు. జనం పడీ పడీ నవ్వారు. కార్తీక కళ్లు తుడుచుకుంది. "ఎంత నిజాయితీ! ఎవరు చెప్పుకుంటారు ఇట్లా!" అన్నాడు పళ్ల డాక్టరు. చప్పట్లు కొట్టారు. అరవిందన్ వంటింట్లోకి వచ్చి, ఆమె చెయ్యి పట్టి లాక్కెళ్లి, అందరి ముందూ నిలబెట్టి, "ఈమె నా రాణి. ఏనుగును కళ్లతో ఆపింది," అన్నాడు. మళ్లీ చప్పట్లు.

సుందరవల్లి చేతిలో చట్నీ గరిటె ఉంది. బొట్లు బొట్లుగా నేల మీద కారుతోంది. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది.

నెల తిరక్కుండా సైడ్ స్టాండ్ క్లబ్ అని అచ్చువేసిన బనీన్లు వచ్చాయి. ఎన్నడూ లేనంతమంది రావడం మొదలుపెట్టారు, బస్సు కథ వినడానికి. కథ చివర ఆమె రావాలని పట్టుబట్టేవాళ్లు. అబద్ధం చెప్పినప్పుడు అతనికి కొంచెమైనా భయం ఉండేది, ఎక్కడ బయటపడుతుందోనని. ఇప్పుడు అదీ లేదు. పారిపోయినందుకు చప్పట్లు, పారిపోయానని చెప్పినందుకు ఇంకా చప్పట్లు. ఆమె అసహ్యాన్ని కూడా అతను పళ్లెంలో పెట్టి జనానికి వడ్డించాడు, వాళ్లు లొట్టలు వేసుకుని తిన్నారు.

ఒక సోమవారం, ఆఖరి బండి వెళ్లిపోయాక, ఆమె వసారాలో అతని ఎదుట కూర్చుంది.

"ఈడ ఇంక బండ్లు ఒద్దు."

అతను నవ్వాడు. "ఏంటికి? ఇప్పుడే గదా బాగా పోతాండాది."

"ఒద్దు అంటే ఒద్దు."

"అబద్దం చెప్తే కోపం. నిజం చెప్పినా కోపమా నీకు?"

"ఆ నిజం మీది గాదు. ఆ పొద్దు ఆ బండి మింద కూర్చోని ఉండింది నేను. మీరు బస్సు కింద ఉండినారు, మీకు ఏమీ కనపడలేదు. నాకు మిగిలింది ఆ కత ఒకటే. దాన్ని గూడ మీరే తింటే ఎట్ల?"

అతనికి అర్థం కాలేదు. నిజంగానే కాలేదు, ముఖంలో కపటం లేదు. అది చూసి ఆమెకు మొదటిసారి కొంచెం జాలి వేసింది, వెంటనే ఆ జాలి మీద చిరాకు వేసింది.

"నేను యాడికి పోయేది వల్లీ?"

"మీది క్యాంపు గదా. యాడైనా ఏసుకోవచ్చు."

నాలుగురోజులు ఆమె మాట మారుస్తుందని ఎదురుచూశాడు. అయిదో రోజు ఆమె వడ్రంగిని పిలిచి బోర్డు దింపించి, విరగ్గొట్టకుండా, తుడిచి మరీ అతని మంచం పక్కన ఆనించింది. అతను బోర్డూ బండీ తీసుకుని సిరుముగై వైపు, నది ఒడ్డునే, ఒక తోటలో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు.

అక్కడ అతను చితికిపోలేదు. బాగానే ఉన్నాడు. ఈ ఇంటికంటే అక్కడ పార్కింగ్ ఎక్కువ. శనివారాలు ఇప్పుడు ఆ వీధిలో పసిపిల్లలు ఏడుస్తున్నారు. కథ కూడా బాగానే నడుస్తోంది. భార్య ఏదని ఎవరైనా అడిగితే, "రాణీలు కోటలోనే ఉంటారు" అంటాడట. ఈ మాట రక్కమ్మాళ్ ఎక్కడో విని వచ్చి చెబితే సుందరవల్లి మిరపకాయలు తుంచుతూ విన్నది. తుంచడం ఆపలేదు.

గదులు ఇప్పుడు నర్సులకు అద్దెకిచ్చింది. ఊళ్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసే ఆడపిల్లలు. వాళ్లలో జెబమలర్ అనే పిల్ల మదురై వైపు నుంచి వచ్చింది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఆమె తెలుగూ సుందరవల్లి తెలుగూ ఒకటి కాదు. ఒకరి మాటకు ఒకరు నవ్వుకుంటారు. డ్యూటీ దిగి వచ్చి ఆ పిల్లలు మెట్ల మీద కాళ్లు నీళ్లలో పెట్టుకుని మాట్లాడకుండా కూర్చుంటారు. పీస్‌ఫుల్ అని ఎవరూ అనరు. అలిసిపోయి ఉంటారు.

అరవిందన్ నెలకోసారి మధ్యాహ్నం భోజనానికి వస్తాడు. ఆమె పెడుతుంది. ఈమధ్య వచ్చినప్పుడు నర్సులు కూడా అదే వేళకు తింటున్నారు. అతను జాకెట్టు విప్పలేదు. హెల్మెట్‌ను అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. వాళ్లు ఆకలి మీద ఉన్నారు. పులుసు అందుకోవడం, అప్పడం విరుచుకోవడం, ఏ వార్డులో ఏ రోగికి జ్వరం దిగలేదో చెప్పుకోవడం. ఒక్కరూ అతన్ని ఏమీ అడగలేదు. అతను చివరిదాకా చూసి, మజ్జిగ తాగి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

"ఎవరు అక్కా ఆయన?" అంది జెబమలర్.

"మా ఇంటాయన."

"ఏం పని చేస్తారు?"

సుందరవల్లి ఏదైనా మంచిమాట చెప్పాలనే చూసింది.

"ఏమీ లేదు పాపా," అంది. "ఇంకొంచెం అన్నం పెట్టుకో."